దక్కన్ దస్తర్‌ఖాన్ మీద మిర్చీ – ఒక చారిత్రక పరిశీలన

ఒక జాతి చరిత్రను తెలుసుకోవాలంటే రాజుల యుద్ధాలు, సంధి పత్రాలు చదివితే చాలదు. ఆ జాతి వంటింటి చరిత్ర కూడ చదవవలెను. గోల్కొండ సుల్తానులు పోయారు, ఆసఫ్‌జాహీ నవాబులు పోయారు. వారి నాణేలు మ్యూజియంలకు చేరినవి. గాని వారి కాలంలో పొయ్యి మీదికి ఎక్కిన సాలన్ మాత్రం ఈనాటికీ మన ఇండ్లలో ఉడుకుతూనే ఉన్నది. అందుచేత ఈ సంవత్సరం మన సొసైటీ సంచికకు ఏదైనా చరిత్ర వ్యాసం వ్రాయమని పెద్దలు అడిగినప్పుడు, కోటల గురించి కాకుండా మిర్చీ గురించి వ్రాయాలని అనుకున్నాను.

దీనికి ఒక కారణం ఉన్నది. నేను ఉర్దూ మీడియం బడిలో సోషల్ పాఠం చెప్పేవాడిని. ఒకరోజు క్లాసులో “మిర్చీ ఎక్కడ పుట్టింది?” అని అడిగాను. సగం మంది పిల్లలు “గుంటూర్, సార్” అన్నారు. మిగిలినవారు “హైదరాబాద్” అన్నారు. వెనుక బెంచీ పిల్లవాడు ఒకడు లేచి, “సార్, ఎంత తీఖా తింటే అంత హైదరాబాదీ” అన్నాడు. క్లాసంతా చప్పట్లు కొట్టింది. ఆ మాట ఒక్క పిల్లవానిదే కాదు. ఈనాడు మాధాపూర్, గచ్చిబౌలి, కొండాపూర్ ప్రాంతాలలో పనిచేసే మన యువకులు కూడ అట్లాగే అంటున్నారు. మన తిండి అంటేనే మంట అని, ఎంత మంట అయితే అంత గొప్ప అని ఒక అభిప్రాయం పాతుకుపోయింది. ఇది ఎంతవరకు నిజమో చరిత్రను బట్టి పరిశీలిద్దాం.

మిరియాల కాలం

మన దేశంలో కారం అంటే ఒకప్పుడు మిరియమే. కాకతీయ గణపతిదేవుడు క్రీ.శ. 1244లో మోటుపల్లి రేవులో వేయించిన అభయ శాసనంలో సరకుల మీద సుంకాల పట్టిక ఉన్నది. అందులో గంధం, కర్పూరం, పన్నీరు, దంతం, ముత్యాలు, పట్టు, పోకలతో పాటు మిరియాలు కూడ ఉన్నవి. మిరపకాయ లేదు. ఉండే అవకాశమే లేదు. ఆ కాలానికి మిరప మొక్క మహాసముద్రానికి అవతల, అమెరికా ఖండాలలో మాత్రమే ఉండేది.

మాళవ దేశపు సుల్తాను గియాసుద్దీన్ షా కాలంలో మొదలై క్రీ.శ. 1500 ప్రాంతంలో పూర్తి అయిన ‘నిమత్‌నామా’ అనే వంటల గ్రంథం ఉన్నది. అందులో సమోసాలు, షోర్బాలు, కబాబులు ఎన్నో ఉన్నవి. మిర్చీ లేదు. అక్బర్ బాద్‌షా కాలంలో, 1590 ప్రాంతంలో, అబుల్ ఫజల్ వ్రాసిన ‘ఆయినె అక్బరీ’లో షాహీ వంటకాల కొలతలు సేర్లతో సహా ఇచ్చారు. మన రంజాన్ నెల హలీమ్, దాని అన్నగారైన హరీసా రెండూ ఆ జాబితాలో ఉన్నవి. అల్లం, మిరియం, లవంగం, యాలకులు, కుంకుమపువ్వు ఉన్నవి. ఎర్ర మిర్చీ మాత్రం అక్కడా లేదు.

కనుక మన హలీమ్ మిర్చీ కన్న ముందు పుట్టినది. పులావు, కబాబు, షోర్బా కూడ అంతే. ఈనాటికీ హలీమ్ తిన్నప్పుడు గొంతులో తగిలే ఘాటులో మిరియం పాలు ఎంత ఉన్నదో ఒకసారి గమనించండి. పెండ్లి విందులో మొదట ఇచ్చే మరగ్ కూడ తెల్లగా, మెత్తగా ఉంటుంది. మన దస్తర్‌ఖాన్ మీది పాత వంటకాలు చాలా భాగం మంట లేనివే.

సముద్రం దాటి వచ్చిన కాయ

1492లో కొలంబస్ మిరియాల దేశం వెదుక్కుంటూ బయలుదేరి అమెరికా దీవులకు చేరాడు. అక్కడివారు తినే కారపు కాయను చూచి దానికి కూడ మిరియం పేరే పెట్టాడు. 1498లో వాస్కో డ గామా కాలికట్ చేరాడు. ఆయన వచ్చింది కూడ మిరియాల కోసమే. 1510లో పోర్చుగీసువారు బీజాపూర్ ఆదిల్‌షాహీల నుండి గోవాను పట్టుకున్నారు. మన దక్కన్ గడప మీదనే వారి స్థావరం ఏర్పడింది. వారి ఓడలలో బ్రెజిల్ వైపు నుండి వచ్చిన మిరప గింజలు గోవాలో నాటుకున్నవి. మిరియాలు కొనుక్కుపోవడానికి వచ్చినవాడు, మిరియాన్ని వెనక్కి నెట్టే కాయను మన చేతిలో పెట్టి పోయాడు. చరిత్రలో ఇటువంటి చమత్కారాలు ఉంటవి.

ఆ తరువాతి రెండు వందల ఏండ్లలో మిర్చీ దేశమంతా పాకిపోయింది. ఏ ఫర్మానా లేదు, ఏ సైన్యం లేదు. దీనికి కారణం తేలికైనదే. మిరియపు తీగకు మలబారు వంటి వానలు, నీడ, చెట్టు ఆసరా కావాలి. అది అందరి పెరటిలో పెరగదు. బజారులో కొనాలంటే ధర ఎక్కువ. మిరప మొక్క అట్లా కాదు. నల్లరేగడిలో పెరుగుతుంది, ఎర్రనేలలో పెరుగుతుంది, ఇంటి వెనుక పగిలిన కుండలో కూడ పెరుగుతుంది. పచ్చిగా తినవచ్చు, ఎండబెట్టి ఏడాది పొడుగునా దాచుకోవచ్చు. ఉన్నవాని ఇంట ఘాటు మిరియమైతే, లేనివాని ఇంట ఘాటు మిర్చీ అయింది. మన తెలంగాణ పల్లెలో రెండు జొన్నరొట్టెలు, ఒక ఉల్లిగడ్డ, నాలుగు పచ్చి మిరపకాయలు ఉంటే కష్టజీవి పూట గడిచిపోయేది. చప్పటి రొట్టెను గొంతు దింపించినది ఆ కాయే. మిర్చీ మొదట గొప్పవారి షోకు కాదు, బీదవారి ఆసరా అని మనం మరువరాదు.

ఇదే కాలంలో ఈ కాయ మిగతా ప్రపంచమంతా తిరిగింది. తుర్కుల ద్వారా హంగరీ చేరి అక్కడ పాప్రికా అయింది. విటమిన్ సి కనుగొన్న శాస్త్రజ్ఞుడు సెంట్-గ్యోర్గ్యి 1930 దశకంలో తన పరిశోధనకు కావలసినంత విటమిన్‌ను ఆ పాప్రికా కాయల నుండే తీశాడు. ఆయనకు 1937లో నోబెల్ బహుమతి వచ్చింది.

పేరులో దాగిన చరిత్ర

చరిత్రకారునికి శాసనాలు ఎట్లనో, భాష మాస్టరుకు మాటలు అట్లా సాక్ష్యం చెబుతవి. ఉర్దూలో ‘మిర్చ్’ అన్న మాట సంస్కృతపు ‘మరిచ’ నుండి వచ్చింది. మరిచ అంటే మిరియం. అంటే మిర్చ్ అన్న పేరు అసలు మిరియానిది. కొత్త కాయ వచ్చి ఆ పేరును తనది చేసుకున్నది. పాత యజమాని ‘కాలీ మిర్చ్’ అని రంగు తగిలించుకొని పక్కకు జరిగింది.

తెలుగులోను అదే జరిగింది. ‘మిరియం’ ఉండగా దాని పోలికతో ‘మిరపకాయ’ వచ్చింది. తమిళంలో మిరియం ‘మిళగు’, మిరప ‘మిళగాయ్’. కన్నడంలో ‘మెణసు’, ‘మెణసినకాయి’. అన్ని భాషలవారూ ఒకే పని చేశారు: “మిరియం వంటి కాయ” అన్నారు. మన యునానీ హకీములు కూడ మిరియాన్ని ‘ఫిల్‌ఫిల్ సియాహ్’ అని, మిర్చీని ‘ఫిల్‌ఫిల్ సుర్ఖ్’ అని వ్రాసుకున్నారు. నల్ల ఫిల్‌ఫిల్, ఎర్ర ఫిల్‌ఫిల్ అన్నమాట.

చింతపండు సంగతి కూడ ఇక్కడే చెప్పాలి. చింత చెట్టు పుట్టింది ఆఫ్రికాలో. అది ఎంత పూర్వం మన నేల మీదికి వచ్చిందంటే, అరబ్బు వర్తకులు దానిని చూచి ‘తమర్-ఎ-హింద్’ అన్నారు. అంటే హిందుస్తాన్ ఖర్జూరం. ఇంగ్లీషువారి ‘టామరిండ్’ అదే. ఆఫ్రికా చెట్టుకు అరబ్బీ పేరులో హింద్ చిరునామా దొరికింది. వేరుశనగ కూడ మిర్చీ వలెనే దక్షిణ అమెరికా నుండి వచ్చినదే. ఎక్కడి నుండి వచ్చినవైనా, ఈ నేల మీద పెరిగి, ఈ నేల మనుషుల ఆకలి తీర్చినందుకు అవి ఈ నేలవే అయినవి. మిర్చీని ఈనాడు పరాయిది అని ఎవరూ అనరు.

గోల్కొండ దారిలో

1518లో సుల్తాన్ కులీ స్థాపించిన కుతుబ్‌షాహీ రాజ్యం గోవా వైపు దక్కన్‌కు, మచిలీపట్నం రేవుకు నడుమ ఉన్నది. మచిలీపట్నంలో 1605లో డచ్చివారు, 1611లో ఇంగ్లీషువారు కొట్లు పెట్టారు. ఆ రేవు నుండి గోల్కొండకు ఎద్దుల బిడారులు నడిచేవి. బిడారులు దిగే సరాయిలలో ఒకటి షేక్‌పేటలో ఈనాటికీ రాతి గోడలతో నిలిచి ఉన్నది. దానికి కొద్ది దూరంలోనే దుర్గం చెరువు. గోల్కొండ కోటకు నీరు పోయిన ఆ చెరువు మీద 2020లో తీగల వంతెన కట్టారు. సాయంత్రం అయితే జనం దీపాలు చూడటానికి పోతున్నారు. ఆ వంతెన మీద నిలబడి ఫోటో దిగే మన పిల్లలలో ఎంతమందికి ఆ నీటి చరిత్ర తెలుసునో!

1591లో మహమ్మద్ కులీ కుతుబ్‌షా హైదరాబాద్ నగరం కట్టాడు. 1687లో ఔరంగజేబు గోల్కొండను గెలిచిన తరువాత ఉత్తరాది వంటలవారు వచ్చారు. 1724 నుండి ఆసఫ్‌జాహీల పాలనలో ఉత్తరాది దమ్ పద్ధతి, అరబ్బుల హరీసా, ఇరానీల కబాబు, తెలుగువారి చింతపండు, కరివేపాకు, నువ్వులు, మిర్చీ ఒకే దస్తర్‌ఖాన్ మీద కూర్చున్నవి. మొగలాయి వంటకు, మన హైదరాబాదీ వంటకు తేడా ఎక్కడ ఉన్నదంటే ఇక్కడే: ఖట్టా, తీఖా. పులుపు, కారం. ఆ రెండూ తెలుగు నేల ఇచ్చిన కానుక.

సాలన్‌లో ఉన్న తెలివి

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. మన వంటలో మిర్చీని మసాలాగా కాక కూరగాయగా వండే వంటకం మిర్చీ కా సాలన్. దానిని మన నానీలు ఎట్లా వండేవారో వరుసగా చూడండి.

మొదట బజ్జీలకు వాడే పొడుగాటి, లావు, లేత పచ్చ మిర్చీలు ఏరుతారు. సన్న మిర్చీ వాడరు. నిలువునా ఒక గాటు పెట్టి, లోపలి తెల్లటి ఈనెను గింజలతో సహా తీసివేస్తారు. నూనెలో బుడగలు వచ్చేదాక వేయించి పక్కన పెడతారు. పల్లీలు, నువ్వులు, ఎండు కొబ్బరి వేరువేరుగా దోరగా వేయించి నూరుతారు. ఉల్లిగడ్డ ఎర్రగా వేయించి అందులో కలుపుతారు. జీలకర్ర, ఆవాలు, మెంతులు, కరివేపాకుతో బగారా ఇచ్చి, నూరిన ముద్దను నూనె తేలేదాక వేపుతారు. తరువాత చింతపండు పులుసు పోస్తారు. అది చిక్కబడిన తరువాత ఆఖరుకు మిర్చీలు వేసి సన్న సెగ మీద ఉంచుతారు.

ఈ పనిలో ప్రతి మెట్టూ మంటను తగ్గించే మెట్టే. మిర్చీలోని మంట పదార్థం పేరు కాప్సైసిన్. చాలామంది అనుకొన్నట్లు అది ముఖ్యంగా గింజలో ఉండదు. గింజలు అంటుకొని ఉండే తెల్లటి ఈనెలో ఉంటుంది. నానీ సరిగ్గా దానినే తీసివేసింది. కాప్సైసిన్ నీటిలో కరగదు, నూనెలో కరుగుతుంది. నానీ నూనెలో వేయించింది, నూనె గల పల్లీ, నువ్వు, కొబ్బరి ముద్దలో ఉడికించింది. మిగిలిన ఘాటును పులుపుతో సరిచేసింది. ఆ సాలన్‌ను బిర్యానీ పక్కన పెట్టి, దానికి తోడు దహీ కీ చట్నీ కూడ పెట్టింది. ఆమె రసాయన శాస్త్రం చదువలేదు. తరతరాల అనుభవమే ఆమె కాలేజీ.

దాల్చాలో శనగపప్పు, సొరకాయ మధ్యలో నాలుగు పచ్చి మిర్చీలు వేసినా, బగారా బైంగన్ చేసినా, ఖట్టీ దాల్ చేసినా అదే లెక్క. మిర్చీ వాసన రావాలి, రుచి తెలియాలి, నాలుక కాలరాదు. ఈ అదుపులోనే హైదరాబాదీ వంట పనితనం ఉన్నది. క్లాసులో లేచిన ఆ పిల్లవానికి నేను చెప్పిన జవాబు కూడ ఇదే.

కల్లం నుండి గిర్నీ వరకు

మన ఇంటికి వచ్చే ఎర్ర మిర్చీ వెనుక ఎంతమంది చేతులు ఉన్నవో కూడ తలచుకోవాలి. మిరప పంటలో, ఎగుమతిలో మన దేశం ప్రపంచంలోనే మొదటి స్థానంలో ఉన్నది. అందులో ఆంధ్రప్రదేశ్, తెలంగాణల వాటా పెద్దది. గుంటూరు మిర్చీ యార్డు, వరంగల్ ఎనుమాముల, ఖమ్మం మార్కెట్లు ఎండాకాలం ఎర్రటి కొండల వలె కనిపిస్తవి. గుంటూరు దగ్గర లాం పరిశోధన కేంద్రం నుండి ‘భాగ్యలక్ష్మి’ అనే జి-4, ‘334’ వంటి రకాలు వచ్చినవి. తేజ రకానిది ఎక్కువ ఘాటు. కర్ణాటక బ్యాడిగిది రంగు. వరంగల్ చపాట మిర్చీ, దానినే టమాటా మిర్చీ అని కూడ అంటారు, లావుగా, చిట్టిగా, ఎర్రటి రంగు ఎక్కువగా, మంట తక్కువగా ఉంటుంది. గుంటూరు సన్నానికి భౌగోళిక గుర్తింపు ముందే ఉండగా, చపాటకు 2025లో ఆ గుర్తింపు లభించింది.

చెట్టు మీద కాయ ఒకేసారి పండదు. పండినది పండినట్లు చేతితో కోయాలి. ఈ పని ఎక్కువగా ఆడకూలీలదే. రోజంతా కోసి, కల్లంలో ఆరబోసి, తాలు కాయలు ఏరి, తొడిమెలు తీస్తే చేతులు రాత్రంతా మండుతవి. రైతుకు కూడ నెమ్మది లేదు. 2017లో ధర పడిపోయి ఖమ్మం మార్కెట్‌లో రైతులు ఆందోళన చేశారు. 2021–22లో కొత్త రకం తామర పురుగు పడి రెండు రాష్ట్రాలలోను తోటలు దెబ్బతిన్నవి. మనం నాలుక మీద సరదాగా వేసుకునే మంటకు వెనుక ఇంత కష్టం ఉన్నది.

మునుపు మన ఇండ్లలో ఎండాకాలం మిర్చీ కొని, తొడిమెలు తీసి, డాబా మీద ఆరబెట్టి, కొద్దిగా రాళ్ళ ఉప్పు కలిపి గిర్నీకి ఇచ్చేవారు. రెండు రకాలు కలిపేవారు, ఒకటి ఘాటుకు, ఒకటి రంగుకు. కనుక పైన రంగు పోయవలసిన అవసరం ఉండేది కాదు. అదే బజారు పొడిని కళ్ళు మూసుకొని కొంటే ఏమవుతుందో ప్రపంచం చూచింది. మన దేశం నుండి వెళ్ళిన మిరపపొడిలో సుడాన్ అనే పారిశ్రామిక రంగు కలిసినట్లు తేలి, 2005లో బ్రిటన్‌లో వందల రకాల ఆహార పదార్థాలను దుకాణాల నుండి వెనక్కి తీసుకోవలసి వచ్చింది. ఎవరో కొద్దిమంది చేసిన కల్తీకి దేశం పేరు పోయింది.

హైటెక్ సిటీ వచ్చిన తరువాత

1998 నవంబరు 22న ప్రధాని వాజ్‌పేయి మాధాపూర్‌లో సైబర్ టవర్స్ ప్రారంభించారు. ఈనాడు గచ్చిబౌలిలో ఉన్న మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం కూడ అదే సంవత్సరం మొదలైంది. అంతకు ముందు ఆ వైపు రాళ్ళ గుట్టలు, చెరువులు, చిన్న పల్లెలు. ఈనాడు అద్దాల మేడలు. ఆ మేడల పై అంతస్తుల నుండి చూస్తే గోల్కొండ కోట, కుతుబ్‌షాహీ గుంబజులు కనిపిస్తవి.

ఆ మేడలలో పనిచేసేవారు కోస్తా నుండి, రాయలసీమ నుండి, తెలంగాణ జిల్లాల నుండి, ఇతర రాష్ట్రాల నుండి వచ్చారు. ఒక్కొక్కరితో ఒక్కొక్క కారం వచ్చింది. గుంటూరు కారప్పొడి, గోంగూర, సీమ ఎర్రకారం, మన సాలన్, సాయంత్రం బండి మీది మిర్చీ బజ్జీ, అన్నీ నాలుగు మైళ్ళ లోపల దొరుకుతవి. ఇది సంతోషమే. నాలుగు వందల ఏండ్ల నాడు దక్కన్‌లో జరిగిన కలయిక మళ్ళీ ఒకసారి మన కళ్ళ ముందర జరుగుతున్నది. పాతబస్తీ నుండి పోయి అక్కడి వంటశాలలలో అన్నం సంపాదించుకునే మన భాయిలు కూడ చాలామంది ఉన్నారు.

గాని దానితో పాటు ఒక కొత్త షోకు వచ్చింది. నా పూర్వ విద్యార్థి ఒకడు కొండాపూర్ వైపు ఒక హోటల్‌లో వంట చేస్తాడు. మొన్న ఈద్ నాడు సలామ్ చెప్పడానికి వచ్చి, “సార్, ఇప్పుడు సాలన్ ఎవరికి కావాలి? ఎక్స్‌ట్రా స్పైసీ అని వ్రాసి పంపుతరు. మేం ఆఖర్లో పచ్చి కారప్పొడి, రంగు కొట్టి ఇచ్చేస్తం. మా నానీ చూస్తే కఫ్‌గీర్‌తో కొడుతది” అన్నాడు. నవ్వుతూనే అన్నాడు గాని, అతని ముఖంలో సిగ్గు కనిపించింది. పని నేర్చుకున్నవాడు, పని చూపే అవకాశం లేక బాధపడుతున్నాడు. రాత్రి డ్యూటీలలో అమెరికా టైం ప్రకారం మేలుకొని, అర్ధరాత్రి ఈ మంట తిని, పొద్దున్నే కడుపు పట్టుకొనే పిల్లల తల్లులు మనలో ఎందరో ఉన్నారు.

దీనికి పైన పందేలు. మా బడిలోనే ఇద్దరు పిల్లలు ఎవరు ఎక్కువ కారం తింటారో అని పందెం వేసుకొని, ఒకడు వాంతులు చేసుకొని మధ్యాహ్నం ఇంటికి పోయాడు. 2023లో అమెరికాలో ఒకే ఒక కారపు చిప్ తినే పందెంలో 14 ఏండ్ల బాలుడు మరణించాడు. ఆ పిల్లవాని గుండెకు పుట్టుకతో ఒక లోపం ఉన్నదని, ఎక్కువ కాప్సైసిన్ తిన్న తరువాత గుండె ఆగిందని డాక్టర్ల నివేదికలో తేలింది. ఆ కంపెనీ సరుకును బజారు నుండి వెనక్కి తీసుకొన్నది. 2024లో డెన్మార్క్ ప్రభుత్వం బుల్‌డాక్ అనే కొరియా నూడిల్స్‌లో మూడు రకాలను అతి కారం అని వెనక్కి పిలిపించింది.

మంట వెనుక శాస్త్రం

1912లో విల్బర్ స్కోవిల్ అనే అమెరికా ఫార్మసిస్టు మిర్చీ ఘాటును కొలిచే పద్ధతి కనిపెట్టాడు. మిర్చీ రసాన్ని చక్కెర నీటిలో మంట తెలియకుండా పోయేదాక పలుచన చేయాలి. ఎన్ని రెట్లు పలుచన చేస్తే అది అన్ని యూనిట్లు. ఈ లెక్కన గుంటూరు సన్నం సుమారు 35,000 నుండి 40,000. మన ఈశాన్య రాష్ట్రాల భూత్ జొలోకియా పది లక్షలు దాటి 2007లో గిన్నిస్ రికార్డుకు ఎక్కింది. 2023లో పెప్పర్ ఎక్స్ అనే అమెరికా రకం 26 లక్షల 93 వేలకు పోయింది. అది వంట కోసం పెంచిన కాయ కాదు, రికార్డు కోసం పెంచినది.

మన నోటిలో వేడిని గుర్తించే ద్వారాలు ఉంటవి. సుమారు 43 డిగ్రీలు దాటిన వేడి తగిలితే అవి తెరుచుకొని మెదడుకు “కాలుతున్నది” అని కబురు పంపుతవి. కాప్సైసిన్ అదే ద్వారాన్ని తెరుస్తుంది. నిజంగా నిప్పు లేకున్నా మెదడు నిప్పు అనే నమ్ముతుంది. దీనిని 1997లో కనిపెట్టిన డేవిడ్ జూలియస్‌కు 2021లో నోబెల్ బహుమతిలో భాగం వచ్చింది. పక్షులకు ఈ మంట తెలియదు. ఒకప్పుడు మన ఇండ్లలో పంజరం మిఠ్ఠూ పచ్చి మిర్చీ కటకట కొరికి, కన్నీరు లేకుండా “సలామ్” అనేది అందుకే. అడవిలో పక్షులు కాయ తిని గింజలు దూరంగా వేయాలని, నమిలి పాడుచేసే జంతువులు దూరంగా ఉండాలని ప్రకృతి చేసిన ఏర్పాటు అది.

కనుక మంట ఎక్కువైతే నీళ్ళు తాగి లాభం లేదు. పాలు, పెరుగు తీసుకోవాలి. మిర్చీ పట్టిన చేతిని కండ్లకు తగిలించరాదు. చేతికి నూనె రాసి, తరువాత సబ్బుతో కడగాలి. కడుపు పుండు ఉన్నవారు, గుండె జబ్బు ఉన్నవారు, చిన్న పిల్లలు పందేల జోలికి పోరాదు.

మనం చేయవలసినది

సోదర సోదరీమణులారా! మిర్చీ తినవద్దని నేను అనడం లేదు. నా అన్నం పక్కన పచ్చి మిర్చీ లేనిదే నాకూ తోచదు. నేను చెప్పేది ఒక్కటే. మన పెద్దలు పరాయి దేశపు మండే కాయను తీసుకొని, రెండు మూడు వందల ఏండ్లు ఓపికతో దానికి అదబ్ నేర్పారు. ఆ విద్య ఏ పుస్తకంలోను పూర్తిగా లేదు. నానీ, దాదీ, ఖాలాల చేతులలో ఉన్నది. “అందాజుతో వేస్తం బేటా” అంటారు వారు. ఆ అందాజు వారితోనే పోతే, మనకు మిగిలేది పచ్చి కారప్పొడి, సీసాలోని రంగు.

అందుచేత మూడు పనులు చేద్దాం. ఒకటి, ప్రతి ఇంటిలో చదువుకున్న పిల్లలు తమ నానీ, దాదీ పక్కన కూర్చొని కనీసం రెండు వంటకాలు కొలతలతో సహా ఉర్దూలోనో తెలుగులోనో వ్రాసి మన సొసైటీ ఆఫీసులో ఇవ్వాలి. వచ్చే సంచికలో వాటిని అచ్చు వేయవచ్చును. రెండు, ఎండాకాలం నాలుగైదు కుటుంబాలు కలిసి మంచి మిర్చీ తెప్పించి మన ముందరే గిర్నీ పట్టించుకోవాలి. రంగు భయం ఉండదు, ఖర్చు కూడ కలిసివస్తుంది. మూడు, హైటెక్ సిటీ వైపు వంట పనిలో ఉన్న మన యువకులు అసలు సాలన్, అసలు దాల్చా చేసి పెట్టే చిన్న దుకాణాలు పెట్టుకోదలచితే, సొసైటీ పెద్దలు వారికి సలహా, సాయం అందించాలి. మా విద్యార్థి వంటివారు చేతి పని దాచుకోవలసిన అవసరం లేకుండా పోవాలి.

వచ్చే నెల జనరల్ బాడీ సమావేశం తరువాత భోజనంలో మిర్చీ కా సాలన్ పెట్టాలని కమిటీ వారికి నా మనవి. వండేటప్పుడు పిల్లలను కూడ దేగ్ దగ్గరికి పిలవండి. ఈనె ఎందుకు తీస్తున్నామో వారికి చెప్పండి.